పట్టుపురుగు తట్టలో ఎన్ని రాజ్యాలు?



ధర్మవరం అనగానే పరవూరి వారికి పట్టుచీర గుర్తుకు వచ్చును. మనకు మాత్రం చీర వెనుక మగ్గం, మగ్గం వెనుక దారం, దారం వెనుక గూడు, గూడు వెనుక పురుగు, పురుగు వెనుక మల్బరీ ఆకు కనిపించును. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర వైపున బోరులో నాలుగు నీళ్ళున్న రైతు ఒక ఎకరమో రెండెకరాలో మల్బరీ పెట్టి, ఇంటి పక్కన షెడ్డు వేసి పురుగులు మేపుకొనుట మీరెరిగినదే. గుడ్డు పగిలిన నాటి నుండి గూడు కట్టే వరకు సుమారు నాలుగు వారాల పని. నాలుగో జ్వరం లేచిన పురుగు రాత్రింబగళ్ళు ఆకు తినును. అప్పటికి ఖర్చంతా పెట్టేసి ఉంటాం. సరిగ్గా అప్పుడే రోగం తగిలితే ఆ ఇంట్లో అన్నం సహించదు.

అటువంటి షెడ్డులోకి మీరు తెల్లవారి దీపం పట్టుకొని పోయినారనుకోండి. నాలుగు చోట్ల నాలుగు పురుగులు పాడై కనిపించినవి. ఒకటి వాచి, కణుపుల మధ్య ఉబ్బి, తట్ట అంచు వెంబడి ఊరకే తిరుగుతున్నది. ముట్టుకుంటే చర్మం చిట్లి పాలవంటి ద్రవం కారింది. ఇది పాలరోగం. రెండవది మెత్తబడి, నల్లబడి, కంపు కొడుతున్నది. దీనిని ఫ్లాచరీ అంటున్నారు. మూడవది కట్టెలాగా బిగుసుకొని పైన సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నది. సున్నపుకట్టు. నాలుగవది ఆకు తినక, తోటి పురుగులతో పెరగక, ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలతో ఉన్నది. అది పెబ్రిన్ కావచ్చును.

"నాలుగూ రోగాలే గదప్పా, ఒక మందు కొట్టేస్తే పోలా?" అని ఎవరైనా అడిగితే అది తప్పు ప్రశ్న కాదు. కాని జవాబు తెలియాలంటే ఒక పాత కథ వినాలి. ఎందుకంటే ఈ నాలుగు రోగాలు తెచ్చిన నాలుగు జీవులు ఒక జాతివి కావు, ఒక కులానివీ కావు. శాస్త్రజ్ఞులు జీవులను పెద్ద పెద్ద రాజ్యాలుగా పంచినారు. ఈ నలుగురు శత్రువులూ వేరు వేరు రాజ్యాల నుండి వచ్చి మీ తట్ట మీద పడినవారు. అందులో ఒకడు ఏ రాజ్యపు వాడో తేల్చడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు నూట నలభై ఏండ్లు పట్టింది.

జీవులను పంచుకొనుట కొత్త పని కాదు. మన పెద్దలు పుట్టుకను బట్టి పంచినారు. గుడ్డు నుండి పుట్టినవి అండజాలు, మావితో పుట్టినవి జరాయుజాలు, నేలను చీల్చుకొని పుట్టినవి ఉద్భిజ్జాలు, చెమట, తేమల నుండి పుట్టినవి స్వేదజాలు. ఐతరేయోపనిషత్తులో ఈ నాలుగూ కనిపించును. మొదటి మూడింటికి ఇప్పటికీ వంక పెట్టనక్కర లేదు. నాలుగవదే చిక్కు. పేను, నల్లి, బూజు తేమలో తమంతట తామే పుట్టునని మన వారే కాదు, గ్రీకుల అరిస్టాటిల్ కూడ అనుకొన్నాడు. కంటికి కనపడని విత్తనం ఒకటి ఉంటుందని తెలియనప్పుడు ఎవరైనా ఏమనుకొంటారు?

తరువాత స్వీడన్ దేశపు లిన్నేయస్ అనే పండితుడు 1735లో ఒక పుస్తకం అచ్చు వేసి ప్రకృతిని మూడు రాజ్యాలు చేసినాడు. రాళ్ళది ఒకటి, చెట్లది ఒకటి, జంతువులది ఒకటి. రాళ్ళను పక్కన పెడితే ప్రాణం ఉన్నవాటికి రెండే రాజ్యాలన్న మాట. కదిలి తినేది జంతువు, కదలక పెరిగేది వృక్షం. మన వేరుశనగకు, మల్బరీకి శాస్త్రీయమైన పేర్లు పెట్టింది ఆయనే, 1753లో. వేరుశనగ పేరులోనే 'నేల కింద' అన్న అర్థం ఉన్నది. ఊడ దిగి కాయ భూమిలో ఊరుతుంది కనుక అది తగిన పేరే. పట్టుపురుగుకు కూడ 1758లో ఆయనే పేరు పెట్టినాడు. ఆనాడు ఇచ్చిన 'మోరి' అన్న మాట, అంటే మల్బరీది అని, ఇప్పటికీ దాని పేరులో నిలిచి ఉన్నది.

అయితే అప్పటికే హాలండులో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తాను అరగదీసిన గాజుబిళ్ళలతో 1670ల నుండే నీటిబొట్టులో తిరిగే చిన్న ప్రాణులను చూసి ఉన్నాడు. వాటిని ఎక్కడ పెట్టాలో లిన్నేయస్‌కు తోచలేదు. పురుగుల వర్గంలో ఒక మూల వేసి, వాటికి 'కేయాస్' అని పేరు పెట్టినాడు. ఆ మాటకు గందరగోళం అని అర్థం. నిజాయితీగల పేరు! బూజును, పుట్టగొడుగును మాత్రం కదలవు గనుక చెట్ల లెక్కలో వేసినాడు. ఈ పొరపాటు రెండు వందల ఏండ్లకు పైగా నడిచింది. కళాశాలల్లో బూజుల పాఠం వృక్షశాస్త్రం అయ్యవారు చెప్పుట ఆ నాటి వాసనే.

ఇక మన సున్నపుకట్టు దగ్గరకు రండి. ఇటలీలో లోడీ పట్టణం దగ్గర అగస్టీనో బాస్సీ అనే ఆయన ఉండేవాడు. చదివింది న్యాయశాస్త్రం, చూపు అంతంత మాత్రం, మనసు మాత్రం సేద్యం మీద. ఆ దేశంలో ఈ రోగాన్ని 'కల్చీనో' అనేవారు. ఆ మాటకు మూలం వారి భాషలో సున్నమే! ఎక్కడి లోడీ, ఎక్కడి ధర్మవరం? చచ్చిన పురుగును చూసి రెండు దేశాల రైతులకూ సున్నమే గుర్తుకు వచ్చింది.

బాస్సీ 1807లో పని మొదలు పెట్టినాడు. గాలి చెడ్డదని, ఆకు చెడ్డదని, వేడి ఎక్కువైనదని లోకం అనుకొంటున్న రోజులు. ఆయన కూడ మొదట పురుగులను రకరకాలుగా హింసించి రోగం పుట్టించ చూసి, ఏండ్లకేండ్లు ఓడిపోయినాడు. పురుగు చచ్చేది గాని తెల్లబడేది కాదు. చివరకు తెల్లబడిన పురుగు మీది పొడిని ఆరోగ్యంగా ఉన్న పురుగుకు అంటిస్తే చాలునని తేలింది. ఆ పొడి బూజు విత్తనం. 1835లో పుస్తకం వేసి లోకానికి చెప్పినాడు. ఒక జంతువుకు వచ్చిన రోగానికి కంటికి కనపడని మరొక ప్రాణి కారణమని ప్రయోగం చేసి చూపుట అదే మొదలు. పాస్టర్, కోచ్ వంటి వారి పేర్లు పాఠాల్లో ఉన్నవి గాని, వారికంటె ముందు ఒక రైతు పట్టుపురుగుల షెడ్డులో ఈ సంగతి కనుగొన్నాడని మనం పిల్లలకు చెప్పుకోవద్దా? ఆయన గౌరవార్థం ఆ బూజు పేరులో 'బాసియానా' అని నేటికీ నిలిచి ఉన్నది.

ఆనాటి లెక్కలో బూజు చెట్టు గనుక, ఒక చెట్టు వచ్చి జంతువు మీద మొలచి దానిని తిన్నదని జనం ఆశ్చర్యపోయినారు. రెండు రాజ్యాల గోడకు అక్కడ బీట పడింది.

ఈ బూజు సంగతిలో ఒక హెచ్చరిక. దీని పేరు మీరు మందుల అంగట్లో విని ఉంటారు. బవేరియా బాసియానా పొడి అని పంటల మీది పురుగులకు కొట్టమని ఇస్తున్నారు. అది ఈ సున్నపుకట్టు బూజే. వంగకో, పత్తికో మంచిదే కావచ్చును, మల్బరీ పక్క చేలో మాత్రం వద్దు. గాలికి వచ్చి మీ ఆకు మీద పడితే శత్రువును చేతులారా పిలిచినట్టే. బి.టి. మందు కూడ ఇంతే. దానిలోని బాక్టీరియాను 1901లో జపాను దేశంలో ఇషివాటా అనే ఆయన మొదట చూసింది చచ్చిన పట్టుపురుగులలోనే. పక్క పొలం వారితో ఈ మాట ముందుగా మాట్లాడుకోండి. తగవు పడేకంటె అది మేలు.

ఇప్పుడు అసలు గడుసువాడి కథ, పెబ్రిన్ కథ. దక్షిణ ఫ్రాన్సు వారి భాషలో మిరియానికి ఉన్న మాట నుండి ఈ పేరు వచ్చింది. ఆ దేశంలో 1853లో సుమారు రెండు కోట్ల అరవై లక్షల కిలోల పట్టుగూళ్ళు పండితే, 1865 నాటికి నలభై లక్షల కిలోలకు పడిపోయినవి. ఊళ్ళకు ఊళ్ళు మల్బరీ చెట్లు నరుకుకొన్నవి. ప్రభుత్వం వారు లూయీ పాస్టర్‌ను పంపినారు. ఆయనకు పట్టుపురుగు అంటే ఏమిటో అప్పటికి తెలియదు. ఆలేస్ అనే ఊళ్ళో కూర్చుండి 1865 నుండి వరుసగా అయిదు పట్టుకాలాలు పురుగులు మేపి చూసినాడు. నడుమ 1868లో పక్షవాతం వచ్చినా పని మానలేదు.

రోగపు పురుగు ఒంట్లో సూక్ష్మదర్శిని కింద మెరిసే సన్నని గింజలు కనిపించేవి. వాటికి అంతకు ముందే, 1857లో, నేగెలీ అనే స్విస్ పండితుడు నొసీమా అని పేరు పెట్టి, ఈస్టు, బాక్టీరియాల వంటి బూజుల లెక్కలో వేసి ఉన్నాడు. పాస్టర్ మొదట వాటిని ప్రాణులే కావనుకొన్నాడు! రోగం వల్ల పురుగు ఒంట్లో ఏర్పడిన చెత్త అని భావించినాడు. రెండేండ్లు గడచిన తరువాత గాని తన పొరపాటు ఆయనకు తెలియలేదు. ఆ గింజలే శత్రువు, అవి ఆకు ద్వారా పురుగుకు, తల్లి చిలుక ద్వారా గుడ్డుకు పోతున్నవి. గుడ్డులోనే రోగం ఉంటే షెడ్డు ఎంత కడిగి ఏం లాభం?

ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువు. ఒక్కొక్క చిలుకను విడిగా గుడ్లు పెట్టనివ్వాలి. పెట్టిన తరువాత ఆ తల్లిని నూరి, బొట్టు తీసి, సూక్ష్మదర్శిని కింద చూడాలి. గింజలు కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చివేయాలి. లేకపోతే ఉంచుకోవచ్చును. ఇదంతా 1870లో రెండు సంపుటాలుగా అచ్చయింది.

చూడండి, ఆ గింజ ఏ రాజ్యానిదో పాస్టర్‌కు తెలియదు. తెలియకనే దాని దారి పట్టుకొన్నాడు. అందుచేత ఈ రాజ్యాల లెక్క లేకపోతే పనే జరగదని నేను అనను. దారి ఎలా ఉన్నదో చూసిన తరువాత, ఎందుకలా ఉన్నదో చెప్పేది మాత్రం ఆ లెక్కే.

ఆ కాలంలోనే, 1866లో, జర్మనీలో హెకెల్ అనే పండితుడు రెండు రాజ్యాలు చాలవని తేల్చి, చెట్టూ జంతువూ కాని చిన్న ప్రాణులకు ప్రోటిస్టా అని మూడవ రాజ్యం ఇచ్చినాడు. 1938లో కోప్‌లాండ్ అనే అమెరికా ఆయన, కణంలో సరియైన కేంద్రకం లేని బాక్టీరియాలను విడదీసి నాలుగు చేసినాడు. మన చెరువు మీద ఎండాకాలం ఆకుపచ్చ నీలం కలిసి తేలే తెట్టు ఉన్నది చూడండి, దానిలో చాలా భాగం నాచు కాదు, బాక్టీరియాయే. అది కూడ ఈ లెక్కలో చెట్ల నుండి బయటికి వచ్చింది.

ఇక 1969లో అమెరికాలో రాబర్ట్ విట్టేకర్ చెప్పిన అయిదు రాజ్యాలు. మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో చూడవచ్చును. మొనీరా, ప్రోటిస్టా, శిలీంధ్రాలు, మొక్కలు, జంతువులు. ఆయన వేసిన ప్రశ్న రైతుకు నచ్చే ప్రశ్న: ఇది తిండి ఎలా సంపాదిస్తుంది? ఎండలో వండుకొనేది మొక్క. మింగి అరగించుకొనేది జంతువు. తిండి మీదే కూర్చుండి, రసం వదిలి కరగదీసి, పీల్చుకొనేది శిలీంధ్రం, అంటే బూజు. ఇన్నాళ్ళకు బూజుకు సొంత రాజ్యం దొరికింది. తరువాత వచ్చిన శాస్త్రం దీన్ని చాలా మార్చింది గాని, పొలంలో నిలబడి ఆలోచించేందుకు ఇంతకంటె మంచి కొలత నాకు కనపడలేదు. ఇంకొక వింత ఏమిటంటే, 1990ల్లో జన్యువులను పోల్చి చూస్తే బూజు చెట్టు కన్న జంతువుకే దగ్గరి చుట్టమని తేలింది. బూజు కణం గోడలో ఉన్న కైటిన్ అనే పదార్థమే మీ పట్టుపురుగు చర్మంలోనూ ఉన్నది.

"ఈ చుట్టరికాలతో మాకేం పని సామీ?" అంటారా? చీనీ తోట ఉన్న వారు చెప్పాలి.

అనంతపురం సీమలో చీనీ చెట్టుకు బంక కారే తెగులు ఎందరినో ఏడిపించింది. మొదట్లో బెరడు కుళ్ళి, బంక కారి, చెట్టు పండుబారి చచ్చును. దీనికి కారణం ఫైటోఫ్తోరా అనే జీవి. దారాలుగా పెరుగుతుంది, పీల్చుకొని తింటుంది, చూస్తే అచ్చం బూజే. అందుకని చాలా కాలం బూజుల్లోనే లెక్కవేసినారు. కాని దాని కణం గోడ ముఖ్యంగా సెల్యులోజుతో కట్టినది, కైటిన్‌తో కాదు. దాని విత్తనాలకు రెండు తోకలుండి, నీళ్ళలో ఈదుకొంటూ పోతవి. వంశం విచారిస్తే సముద్రంలోని గోధుమరంగు నాచులకు ఇది చుట్టం. 1981లో కావలియర్ స్మిత్ అనే బ్రిటిష్ పండితుడు ఇటువంటి వాటికి క్రోమిస్టా అని వేరే రాజ్యమే ఇచ్చినాడు.

ఫలితం ఏమిటి? నిజమైన బూజులను చంపే కార్బెండజిమ్ దీని మీద పని చేయదు. దీనిని ఆపే మెటలాక్సిల్ నిజమైన బూజులను ఏమీ చేయదు. వేరుశనగలో తిక్క ఆకుమచ్చకు తెచ్చి మిగిలిన కార్బెండజిమ్‌ను చీనీ మొదట్లో పోస్తే, పోసిన వారికి తృప్తి తప్ప చెట్టుకు ఏమీ ఒరగదు. మన తాతల నాటి బోర్డో పేస్టు మాత్రం రెండింటికీ పనికి వస్తుంది. దానిలోని రాగి రాజ్యం చూడదు. 1885లో ఫ్రాన్సులో ద్రాక్ష బూజుతెగులుకు దానిని చెప్పినారు, ఆ తెగులు తెచ్చేదీ ఈ క్రోమిస్టా జీవే. చెట్టు మొదలుకు నీళ్ళు తగలకుండ రెండు వలయాలుగా పాదు చేసి, బయటి వలయానికి మాత్రమే నీళ్ళు పెట్టండని తోటల అధికారులు చెప్తుంటారు గదా. ఈదుకొంటూ వచ్చే శత్రువుకు ఈత లేకుండ చేయుట ఆ మాటలోని మర్మం.

విత్తనశుద్ధిలోనూ ఇదే లెక్క. ట్రైకోడెర్మా మనకు మేలు చేసే బూజు. దానిని పట్టించిన విత్తనానికే బూజుమందు కూడ కలిపితే మన వాడినే మనం చంపుకొన్నట్టు. వేరుశనగ వేళ్ళ మీది బుడిపెల్లో నత్రజని పట్టి పెట్టే రైజోబియం బూజు కాదు, బాక్టీరియా. అయినా మందుల ఘాటు తగలకుండ, బూజుమందు ముందు, పురుగుమందు తరువాత, రైజోబియం చివర అన్న వరుస పాటించమంటారు.

ఇప్పుడు తట్టలోని మొదటి పురుగు, పాలరోగపు పురుగు. అది వైరస్. ఇది అయిదు రాజ్యాల్లో దేనిలోనూ లేదు. తిండి ఎలా సంపాదిస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని వస్తువు, ఎందుకంటే అది తినదు, ఊపిరి పీల్చదు. మరొక జీవి కణంలో దూరి, ఆ కణం చేతనే తన నకళ్ళు తయారు చేయించుకొనును. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలండులో బైయరింక్ పొగాకు తెగులులో దీని జాడ పట్టినారు. 1935లో అమెరికాలో స్టాన్లీ దానిని ఉప్పులాగా పలుకులుగా విడదీసినాడు. ప్రాణి పలుకు కడుతుందా? ఊరి పొలిమేర మీద కూర్చున్నది ఊరిదా, అడవిదా? ఇటీవల, 2020 నాటికి, అంతర్జాతీయ సంఘం వారు చాలా వైరస్‌లకు వాటి సొంత రాజ్యాలు విడిగా ఏర్పాటు చేసినారు. బాక్టీరియాను చంపే మందు వైరస్‌ను ఏమీ చేయలేదు, బూజును చంపే మందూ చేయలేదు. పాలరోగం వచ్చిన పురుగు చర్మం చిట్లక ముందే ఏరి, సున్నం, బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో వేయమనేది అందుకే.

వైరస్ ఎంత పని చేయగలదో ఈ జిల్లా వారికి చెప్పనక్కర లేదు. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలలో మొవ్వులు ఎండి, కాండాలు నల్లబడి, చెట్లు చచ్చినవి. ధర్మవరం అప్పటికి ఆ జిల్లాలోదే. శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది 2022లో. సుమారు రెండు లక్షల ఇరవై అయిదు వేల హెక్టార్లలో ఆ తెగులు పాకింది. నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటినట్టు శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. చూపుకు అది మనకు తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులు లాగానే ఉన్నది. పటాన్‌చెరులోని ఇక్రిసాట్ వారు, ఇతర శాస్త్రజ్ఞులు కలిసి పరీక్షించి, ఇది వేరే వైరస్, పొగాకు చారల వైరస్ అని తేల్చినారు.

అది ఎక్కడ దాగి ఉన్నదో తెలుసా? కాంగ్రెసు గడ్డిలో, అదే వయ్యారిభామలో. ఆ గడ్డికి పైకి ఏ రోగమూ కనిపించదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామరపురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని లేత వేరుశనగ మీద వాలి గీరితే, ఆ గాయం ద్వారా వైరస్ లోనికి పోతుంది. లెక్క చూసుకోండి: గడ్డి మొక్కల రాజ్యం, తామరపురుగు జంతువుల రాజ్యం, నడుమ ప్రయాణం చేసింది ఏ రాజ్యంలోనూ ఇమడని వైరస్. ఇక్కడ బూజుమందు డబ్బాకు పని ఎక్కడిది? గట్ల మీది కాంగ్రెసు గడ్డి పూతకు రాక ముందే పీకుట, చేని చుట్టూ జొన్నగాని సజ్జగాని ఒత్తుగా కొన్ని సాళ్ళు వేసి తామరపురుగులకు అడ్డు పెట్టుట, విత్తనశుద్ధి, ఇవీ పనికి వచ్చినవి. నాకు ఒక ఫిర్యాదు ఉన్నది. రైతు ఆకు పట్టుకొని పోతే పేరు అడగక, చేను చూడక, మూడు డబ్బాలు కలిపి చేతికిచ్చే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. ఆ మూడింటిలో రెండు ఊరకే నేలపాలు.

రెండవ పురుగు, ఫ్లాచరీ పురుగు, సంగతి త్వరగా చెప్తాను. దానిలో చాలావరకు బాక్టీరియా ప్రభావం, కొన్ని మార్లు వైరస్ తోడు ఉంటుంది. తడి ఆకు, ముదురు ఆకు, వేడి, ఇరుకు, ఇవి కలిసి పురుగును నీరసపరచినప్పుడు ఇది లేచును. బాక్టీరియాల రాజ్యం మాత్రం 1977లో రెండుగా చీలింది. అమెరికాలో కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ అనేవారు జన్యు పదార్థాన్ని పోల్చి, వీటిలో ఒక గుంపు అసలు బాక్టీరియాయే కాదన్నారు. వాటిని ఇప్పుడు ఆర్కియా అంటారు. 1990లో వోస్ రాజ్యాలకు పైన మూడు మహారాజ్యాలు పెట్టినాడు: బాక్టీరియా, ఆర్కియా, కేంద్రకం ఉన్న మిగతా వాళ్ళందరూ. మనమూ, మల్బరీ, పట్టుపురుగు, బూజు అందరం ఆ మూడవ దానిలోనే. ఆర్కియా ఎక్కడో ఉడుకునీటి బుగ్గల్లో మాత్రమే ఉంటుందనుకోకండి. మీ ఆవు కడుపులో ఉన్నది, గోబరు గ్యాసు తొట్టిలో ఉన్నది. పొయ్యి మీద నీలంగా మండే ఆ గ్యాసులోని మీథేనును తయారు చేసేది అదే.

ఇక పెబ్రిన్ వాడికి తీర్పు చెప్పి ముగిస్తాను. నేగెలీ 1857లో వాడిని ఈస్టుల పక్కన కూర్చోబెట్టినాడని చెప్పితిని గదా. 1882లో బాల్బియానీ అనే ఫ్రెంచి పండితుడు వాడి కుటుంబానికి మైక్రోస్పోరిడియా అని పేరు పెట్టినాడు, ఆ తరువాత నూరేండ్లు పుస్తకాల్లో వాడు ప్రోటోజోవా, అంటే ఏకకణ జంతువు. ఇప్పటికీ కొన్ని కరపత్రాల్లో అలాగే ఉన్నది. 1983లో కావలియర్ స్మిత్ వాడి కణంలో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా లేదని చూసి, కేంద్రకం ఉన్న వాటిలో ఎల్లరికంటె పాత వంశాల్లో ఒకటని వేరే గుంపులోకి ఎక్కించినాడు. ఆ గౌరవం ఎక్కువ కాలం నిలువలేదు. 1990ల్లో వాడి జన్యువులను చదివితే అవి బూజుల జన్యువులకు దగ్గరగా ఉన్నవి. 2002లో మైటోకాండ్రియా ఆనవాలు కూడ ఆ కుటుంబంలో దొరికింది. లేనిది కాదు, పరాన్నభుక్కు అయిన తరువాత అరిగిపోయినది. కౌలు దొరికిన తరువాత సొంత కాడెద్దులను అమ్ముకొన్నట్టు! ఇప్పుడు వాడు బూజుల కుటుంబంలోనో, బూజుల గోడ పక్క ఇంట్లోనో ఉన్నాడని శాస్త్రజ్ఞుల మాట.

అయితే బూజులాగా పైన మొలవడు. వాడి గింజలో ఒక సన్నని గొట్టం చుట్టలు చుట్టుకొని ఉంటుంది. పురుగు కడుపులోకి పోగానే ఆ గొట్టం చిమ్మి, కణంలోకి సూదిలాగా దిగి, లోపలి సరుకంతా దాని గుండా పోస్తుంది. అలా లోపలే పెరిగి గుడ్డు వరకు చేరుతాడు. సున్నపుకట్టుకు సున్నం చల్లి తట్టను పొడిగా ఉంచి ఆపవచ్చును గాని, గుడ్డులో ఉన్న వాడిని సున్నం ఏం చేస్తుంది?

అందుకనే పాస్టర్ నూరిన తల్లి చిలుకను మనమింకా నూరుతున్నాము. పట్టు విత్తనానికి 2006లో కేంద్ర పట్టు మండలి చట్టాన్ని సవరించినారు, 2010లో విత్తన నిబంధనలు వచ్చినవి. హిందూపురం దగ్గర కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉన్నది. మీ షెడ్డులో పురుగులు ఒకే వయసువి అయి ఉండి ఒక్కొక్కటి ఒక్కొక్క సైజులో పెరుగుతూ, కొన్ని ఆకు ముట్టక, మిరియపు చుక్కలతో కనిపిస్తే, ఆ పురుగులను పారవేయక ముందు నాలుగింటిని విడిగా డబ్బాలో పెట్టి, గుడ్లు తెచ్చిన చీటీ జతచేసి పట్టు పరిశ్రమ శాఖ వారికి ఇయ్యండి. బొట్టు గాజుపలక మీద వేసి చూసేందుకు పట్టేది కొద్ది నిమిషాలే. ఆ చీటీ మీది నంబరును బట్టి, అదే తల్లుల గుడ్లు ఇంకా ఏ ఊళ్ళకు పోయినవో వారికి తెలియును.